తిన్నింటి వాసాలు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని మనకో మాట ఉంది. చిన్నప్పటినుంచీ వింటున్నాం. అవసరం వచ్చినప్పుడు మనమూ వాడుతున్నాం. అన్నం పెట్టిన ఇంట్లోనే కూర్చుని, తల పైకెత్తి, ఒకటీ రెండూ మూడూ అని వాసాలు లెక్కపెట్టేవాడు విశ్వాసం లేనివాడని దాని భావం. ఎప్పుడైనా ఆలోచించారా, ఈ సామెతని పుట్టించింది తిన్నవాళ్లా, పెట్టినవాళ్లా? తప్పకుండా పెట్టినవాళ్లే అయివుంటారని నా అనుమానం. తిన్నవాళ్లకి సామెతలు అల్లుకునే తీరిక ఎక్కడిది, కంచాలు కడగాలి కదా!

ఉన్నట్టుండి ఈ సామెత నన్ను పట్టుకోవడానికి కారణం ఒక ఇంగ్లీషు సీరియల్ అంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మిర్చి సీజన్‌లో వీధి వీధంతా తుమ్మే కేసముద్రం స్టేషన్‌లో కూర్చుని, లండన్ దొరల ఇంటి కథ 68 భాగాలూ చూసిన మనిషి ఆ మాత్రం నవ్వులకి సిద్ధపడే ఉంటుంది.

మా చెల్లెలి కూతురు లండన్ దగ్గర కాపురం ఉంటోంది. అక్కడ జనం తమకి అక్కర్లేని వస్తువులు ధర్మానికిస్తే, వాటిని అమ్మి ఆ డబ్బు మంచి పనులకి ఖర్చుపెట్టే దుకాణాలుంటాయి. అలాంటి దుకాణంలో కొన్న ఒక అట్టపెట్టె తెచ్చి, "పెద్దమ్మా, నువ్వు ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పావు, ఇప్పుడు కాస్త ఇంగ్లీషు విను" అని నా ఒళ్లో పెట్టింది. పెట్టె నిండా డి.వి.డి.లు. పేరు 'అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్'. పైఅంతస్తు, కింది అంతస్తు అన్నమాట. అక్కడి డిస్కులు ఇక్కడి యంత్రాల్లో ఆడవట. ఇంగ్లండుది రెండో మండలమట, మనది అయిదో మండలమట. దేవుడు ఒకే భూమిని ఇస్తే సినిమా వ్యాపారులు దాన్ని ఇన్ని ముక్కలు చేశారు. అదృష్టవశాత్తూ హన్మకొండలో కొన్న మా పాత ప్లేయర్‌కి ఈ మండలాల పట్టింపు లేదు. ఏది పెడితే అది ఆడుతుంది, మా ఆయన ఏది పెడితే అది తిన్నట్టు.

ఇంట్లో వీడియో అనగానే నా వయసు వాళ్లకి 1980ల నాటి జాతర గుర్తొస్తుంది. వి.సి.ఆర్., కలర్ టీవీ, మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దె. రిక్షాలో ఒళ్లో పెట్టుకుని పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చేవాళ్లు. ఎవరింట్లో పెడితే ఆ ఇంటి ముందు వీధంతా చాపలేసుకుని తెల్లారేదాకా మూడు సినిమాలూ చూసేది. మూడో సినిమాకి సగంమంది నిద్రలో ఉండేవారు. అయినా "మేం మూడూ చూశాం" అనే చెప్పుకునేవారు. ఇప్పటి వీడియో అలా కాదు. ఒంటరి వ్యవహారం. తలుపు దగ్గరగా వేసుకుని, వంటయ్యాక, మనకి మనమే థియేటరు ఓనరూ, ప్రేక్షకులూ. నచ్చిన చోట ఆపుకోవచ్చు, అర్థంకాని చోట వెనక్కి తిప్పుకోవచ్చు. పాలు పొంగితే దొరసానిగారిని నోరు తెరిచింది తెరిచినట్టే నిలబెట్టి వెళ్లి రావచ్చు. ఆ సుఖం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

2024 సెప్టెంబర్ మొదటి తారీఖున కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటికన్నెకీ మా ఊరికీ మధ్య రైలుపట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. రైళ్లు ఆగిపోయాయి. రైలుకూత వినకుండా నిద్రపట్టని ఊరు మాది. ఆ నిశ్శబ్దం భరించలేక, కరెంటు రాగానే మొదటి డిస్కు పెట్టాను. అలా మొదలైంది.

కథ గురించి రెండు ముక్కలు చెప్పాలి. లండన్‌లో ఈటన్ ప్లేస్ అనే గొప్పవాళ్ల వీధి. 165వ నంబరు ఇల్లు. పైన బెల్లమీ అనే పార్లమెంటు సభ్యుడి కుటుంబం. కింద, నేలమాళిగలాంటి వంటింటి భాగంలో వాళ్ల పనివాళ్లు. బట్లర్ హడ్సన్, వంటావిడ మిసెస్ బ్రిడ్జెస్, రోజ్ అనే పరిచారిక, ఇంకా గిన్నెలు తోమే పిల్లలూ, కారు డ్రైవరూ. 1903లో మొదలై 1930లో ముగుస్తుంది. మధ్యలో టైటానిక్ మునుగుతుంది, ఆ ఇంటి దొరసాని అందులోనే పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం వస్తుంది, యుద్ధం వెనకే జ్వరం వస్తుంది. ఇల్లు మాత్రం ఉదయం టీ పళ్లెంతో మొదలై రాత్రి దీపాలార్పడంతో ముగుస్తూ తన పద్ధతిలో తను నడుస్తూ ఉంటుంది. లండన్ వీకెండ్ టెలివిజన్ వాళ్లు 1971 నుంచి 1975 దాకా తీశారు. ఒక్కో భాగం ముప్పావుగంట పైనే. మొదట్లో కొన్ని భాగాలు నలుపు తెలుపుల్లో ఉంటే మా ప్లేయర్ పాడయిందనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను. పాపం, దాని తప్పు కాదు. అప్పట్లో టీవీ కంపెనీల్లో పనిచేసే సాంకేతికులు జీతాల తగాదాలో, రంగుల కెమెరాలతో పనిచెయ్యమని భీష్మించారట. పనివాళ్ల కథ తీస్తుంటే పనివాళ్లే రంగు ఆపేశారు. ఇంతకంటె మంచి ప్రారంభం ఏ రచయితా రాయలేడు.

మన డైలీ సీరియల్‌లో అత్తగారు తలుపు తీస్తే మూడుసార్లు ఉరుములు వినిపిస్తాయి కదా. ఇందులో అలాంటి హడావుడి లేదు, అంతే. అరుపుల్లేవు. హాయిగా ఉంటుంది. ఆ హాయి దగ్గరే నాకు పేచీ వచ్చింది.

ఎందుకు హాయిగా ఉంటుంది? ఎంత ఆలోచించినా నాకు తోచిన జవాబు ఒకటే. ఆ ఇంట్లో అందరికీ తమ చోటు తెలుసు. ఎవరు ఏ గుమ్మంలోంచి రావాలో, ఎవరు ఎవరి ముందు కూర్చోకూడదో, ఏ గంట మోగితే ఎవరు పరుగెత్తాలో అన్నీ నిర్ణయమైపోయాయి. మొదటి భాగంలోనే, పనికోసం వచ్చిన ఒక పిల్ల వీధి గుమ్మం ముందు నిలబడితే, పనివాళ్ల దారి అది కాదని కిందికి పంపుతారు. ఆ పిల్ల తన పేరు క్లెమెన్స్ అని గొప్పగా చెప్పుకుంటే, పనిమనిషికి ఆ పేరు నప్పదని దొరసాని అప్పటికప్పుడు సారా అని మార్చేస్తుంది. కోపంగా కాదు సుమండీ, ఎంతో మర్యాదగా, కర్టెన్ రంగు మార్చినట్టు. మనం చూస్తూ చిరునవ్వు నవ్వుతాం. నవ్వి, ఒక్క క్షణం ఆగితే, "అదేమిటి, మనిషి పేరు మార్చారు కదా!" అనిపిస్తుంది. ఆగే అవకాశం వీడియోలో ఉంది, ఆగుతామా అన్నదే ప్రశ్న.

ఈ సీరియల్ ఊహ ఇద్దరు ఆడవాళ్లది. జీన్ మార్ష్, ఐలీన్ ఎట్కిన్స్ అనే నటీమణులు. ఇద్దరూ మామూలు కష్టజీవుల ఇళ్లలో పుట్టినవాళ్లే. ఎట్కిన్స్ తండ్రి ఒకప్పుడు ఒక రాయబారి ఇంట్లో కారు డ్రైవరు కింద సహాయకుడు. 1967లో బి.బి.సి. వాళ్లు తీసిన 'ఫోర్‌సైట్ సాగా' అనే గొప్పింటి కథ చూసి, ఇంతమంది దొరలూ దొరసానులూ ఇన్ని బట్టలు మారుస్తున్నారు, ఉతికేవాళ్లు ఒక్కరూ కనబడరేం అన్న సందేహం వచ్చిందట. మొదట పనివాళ్ల కథ మాత్రమే అనుకున్నారు. పైఅంతస్తు తర్వాత వచ్చి చేరింది. చేరి, సహజంగానే, మంచి సోఫాలన్నీ ఆక్రమించుకుంది. రోజ్ వేషం జీన్ మార్ష్‌దే. 2025 ఏప్రిల్‌లో తన 90వ ఏట ఆవిడ కన్నుమూశారు.

అంతకు కొంచెం ముందే, 1968లో, మార్గరెట్ పవెల్ అనే ఆవిడ తను వంటింట్లో గిన్నెలు తోమిన రోజుల గురించి ఒక పుస్తకం రాసింది. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, వార్తాపత్రిక వస్తే, చనువుగా తీసుకెళ్లి యజమానురాలి చేతికిచ్చిందట. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఇంకెప్పుడూ ఒట్టి చేతుల్తో ఏదీ అందించవద్దనీ, వెండి పళ్లెంలో పెట్టి అందించాలనీ చెప్పిందట. అది చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. వెండి పళ్లెం అంటే ఎంత గౌరవంగా ఉంది! దోసిట్లో పైనుంచి నీళ్లు పోయడం, గ్లాసు వేరుగా చూరులో పెట్టడం మనకి తెలుసు. వాళ్లది వెండి చూరు, అంతే తేడా.

మనకీ పైఅంతస్తులున్నాయి. ఉన్నాయంటే, ఉండేవి. మా వరంగల్ జిల్లాల్లో గడీలు చూడనివాళ్లెవరు? కొన్నిట్లో ఇప్పుడు గేదెలు పడుకుంటున్నాయి, కొన్ని కూలిపోయాయి, కొన్నిట్లో ఆఫీసులూ బళ్లూ నడిచాయి. "నీ బాంచెన్, కాల్మొక్త" అన్న మాట ఆ గోడలకి అలవాటైన మాట. దొరబిడ్డకి పెళ్లి చేసి పంపితే, పెట్టెలతోపాటు ఒక ఆడపిల్లని కూడా పంపేవాళ్లు. ఆడబాప అనేవారు. జీతం లేదు, పెళ్లి లేదు, ఇల్లు లేదు. 1988లో బి. నర్సింగరావుగారు తీసిన 'దాసి' సినిమా చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అర్చనకి జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది అందులోనే. ఆ కథాకాలం కూడా 1920లే. అంటే ఈటన్ ప్లేస్‌లో రోజ్ వెండి పళ్లెం తుడుస్తున్న రోజుల్లోనే, మన దగ్గర గడీలో కమలాక్షి దొర కాళ్లు కడుగుతోంది.

ఇంతకీ, ఇంగ్లీషు సీరియల్ నేను మూడుసార్లు చూడగలను. 'దాసి' రెండోసారి చూడలేకపోయాను. ఇంగ్లీషు దొరలు మంచివాళ్లు, మన దొరలు చెడ్డవాళ్లు అని సరిపెట్టుకుంటే తేలికే. కానీ అదొక్కటే కాదనుకుంటాను. 'దాసి' తీసినాయన మనకి కూర్చోవడానికి సోఫా వెయ్యలేదు. కింద నిలబెట్టి చూపించాడు. ఇంగ్లీషువాళ్లు మనల్ని పైకి తీసుకెళ్తారు, కిందికి తీసుకెళ్తారు, రెండు చోట్లా టీ ఇస్తారు. రెండు చోట్లా అందరూ మంచివాళ్లే. మంచివాళ్లుగా ఉంటే ఇక అడగడానికేం మిగుల్తుంది?

మిగుల్తుందని మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె చూపించింది. పేరు రాయడం లేదు. పత్రికలో తన పేరు పడితే కొడుకు కోప్పడతాడట. పదకొండేళ్లుగా వస్తోంది. నన్ను టీచరమ్మా అంటుంది. వయసులో నాకంటె పదేళ్లు చిన్న, అనుభవంలో పదేళ్లు పెద్ద. ఉదయం పదింటికి ఆమె వచ్చే వేళకి నా సీరియల్ మాంచి పట్టులో ఉండేది. మొదట గుమ్మంలో నిలబడి చూసేది, తర్వాత చీపురు పట్టుకుని చూసేది, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంగ్లీషు రాదు. నేను ఆపి ఆపి చెప్పేదాన్ని. చాలాసార్లు నేను చెప్పకముందే ఆమెకి అర్థమయ్యేది. దొరసాని కనుబొమ్మ ఎగరేస్తే అర్థం చేసుకోవడానికి భాషతో పనేముంది?

ఆమె చూసేవి వేరు, నేను చూసేవి వేరు. నేను దొరసాని గౌను చూస్తే, ఆమె "గా మెట్లు దినాం తుడుసుడేనా? ఎన్ని మెట్లున్నయ్!" అనేది. వంటింట్లో గోడపొడుగునా మెరిసే రాగిగిన్నెలు నాకెంతో ముచ్చట. ఆమెకి భయం. "చింతపండు దొరుకుతదా ఆడ?" అని అడిగింది. బట్లర్ హడ్సన్ అంటే నాకు గౌరవం. నిలువెత్తు మర్యాద, బైబిలు చదువుతాడు, ఇంటి పరువు కోసం ప్రాణమిస్తాడు. ఆమె అతన్ని చూసినప్పుడల్లా నవ్వేది. "గీయన దొరకంటె పెద్ద దొర గదా!" అంది. నిజమే, కింది అంతస్తులో కూడా ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో నిర్ణయించేది అతనే. గిన్నెలు తోమే పిల్ల అందరికంటె చివర. మొదటి సిరీస్‌లోనే ఎమిలీ అని ఒక చిన్నపిల్ల, వేరే ఇంటి పనివాడిని ప్రేమించి, వాళ్లిద్దర్నీ కలవనివ్వకపోతే ఉరేసుకుంటుంది. పైన ఆ రోజు కూడా భోజనం వేళకే వడ్డన జరుగుతుంది. ఆ భాగం అయ్యాక ఆమె ఏమీ అనలేదు. లేచి వెళ్లి గిన్నెలు తోమింది. రోజూకంటె ఎక్కువ చప్పుడు చేస్తూ తోమింది.

సెలవులెప్పుడు అని ఒకసారి అడిగింది. ఆ రోజుల్లో లండన్ పనివాళ్లకి వారంలో ఒక పూటో, రెండు వారాలకో ఆదివారమో ఇచ్చేవారని చెప్పాను. "మాకన్న నయమే" అంది, టీవీలోంచి కళ్లు తిప్పకుండా. నేనూ టీవీలోంచి కళ్లు తిప్పలేదు. ఆ మర్నాటినుంచి ఆదివారం రావద్దని నేనే చెప్పాను. ఈ ఆదివారం సంగతి మా వీధిలో పెద్ద చర్చే అయింది గానీ, అది ఇంకో వ్యాసం. 2011లో జెనీవాలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని, ఇంటిపని చేసేవాళ్లకి వారానికి వరసగా 24 గంటలైనా విశ్రాంతి ఉండాలని ఒడంబడిక రాసుకున్నాయి. జెనీవా నుంచి కేసముద్రం రావడానికి మామూలు ప్యాసింజరు బండికంటె ఎక్కువ సమయమే పడుతోంది.

అసలు విషయానికొస్తాను. ఈ ఏడేళ్లుగా ఆమె తన డబ్బు నా దగ్గర దాచుకుంటోంది. మీలో చాలామందికి ఇది తెలిసిన వ్యవహారమే. బ్యాంకులో జన్‌ధన్ ఖాతా ఉంది, కానీ ఆ కార్డు కొడుకు జేబులో ఉంటుంది. ఇంట్లో దాస్తే మొగుడి కంటపడుతుంది. మిరపకాయ ఏరడానికి వెళ్లినప్పుడు వచ్చిన కూలిలో కొంత, మా ఇంటి జీతంలో కొంత, నూరూ ఐదొందలూ తెచ్చి నా చేతిలో పెట్టేది. నేను బీరువాలో వేరే కవరులో వేసి, నోటు పుస్తకంలో రాసేదాన్ని. టీచరు బతుకు కదా, లెక్క తప్పదు. కిందటి సంక్రాంతికి మొత్తం 38,400 రూపాయలు. చిన్నకూతురి కోసమని.

సీరియల్ చివరికొచ్చేసరికి 1929 వచ్చింది. అమెరికాలో షేర్లు కుప్పకూలాయి. రోజ్ సంగతి చెప్పాలి. ఆమె ప్రేమించిన ఆస్ట్రేలియా మనిషి యుద్ధంలో చనిపోతూ ఆమె పేర 1,200 పౌండ్లు రాసిపోయాడు. పరిచారికకి ఏడాదికి యాభై అరవై పౌండ్లు వస్తే గొప్ప అనుకునే రోజుల్లో ఆ మొత్తం ఇరవై ఏళ్ల జీతం. ఆ డబ్బుని ఆమె ఇంటి కొడుకు జేమ్స్ బెల్లమీ చేతిలో పెడుతుంది. అతను ఆశపెట్టి మోసం చేసే రకం కాదు. చిన్నప్పటినుంచీ రోజ్ ఎదురుగా పెరిగినవాడు. ఆమెకి మేలు చేద్దామనే షేర్లలో పెట్టాడు. తన డబ్బుతోపాటు ఆమెదీ పోయింది. ఆ సిగ్గు మొయ్యలేక ఒక హోటల్ గదిలో తుపాకితో కాల్చుకున్నాడు.

నేను ఏడ్చాను. దాచుకోవడమెందుకు, కొంగు తడిసేలా ఏడ్చాను. మంచి మనిషి, మాట పోయిందని ప్రాణం తీసుకున్నాడు. ఇల్లంతా ఏడుస్తోంది, పైనా కిందా. రోజ్ కూడా ఏడుస్తోంది.

పక్కన కుర్చీలో ఆమె ఏడవలేదు. కాసేపు ఆగి, "పైసలు పోగొట్టినోడు సచ్చిపాయె. మరి ఆమె పైసలు ఎవలిస్తరు టీచరమ్మా?" అంది.

నా కళ్లు తుడుచుకోవడం ఆగిపోయింది. ఎందుకంటే ఆ క్షణందాకా, నిజం చెప్పొద్దూ, ఆ కథలో డబ్బు పోయినవాళ్లు ఎవరన్నది నా దృష్టిలోంచి జారిపోయింది. కథ మన కన్నీళ్లని ఎంత చక్కగా పైఅంతస్తుకి మళ్లించిందో చూడండి. అతని సిగ్గు పెద్దదయింది, ఆమె నష్టం చిన్నదయింది.

నాలుగు రోజులు గడిచాక, గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, "టీచరమ్మా, నా పైసలు ఇయ్యరాదు. పోస్టాఫీసుల ఏసుకుంట" అంది.

కవరు తీసి ఇచ్చాను. పుస్తకం చూపించాను. ఆమె కూర్చుని, నోటు నోటూ విడదీసి లెక్కపెట్టుకుంది. రెండుసార్లు లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెడుతుంటే నా మనసు చివుక్కుమంది. పదకొండేళ్ల మనిషి! మా ఆయనకి ఆపరేషనయి ఆసుపత్రినుంచి వచ్చినప్పుడు పిలవకుండానే వచ్చి, వారం రోజులు మా ఇంట్లో చాపమీద పడుకున్న మనిషి. ఆమె కూతురి పురిటికి అర్ధరాత్రి ఆటో మాట్లాడింది నేను. మా మధ్య నోట్లు లెక్కపెట్టుకోవడాలేమిటి?

పక్కింటి వదినగారు విని, "చూశారా, ఎంత పెట్టినా అంతే. విశ్వాసం ఎక్కడిది?" అన్నారు. అప్పుడే ఆ సామెత కూడా అన్నారు. తిన్నింటి వాసాలు.

ఆ రాత్రి ఆలోచిస్తూ పడుకున్నాను. నా మనసు చివుక్కుమన్నదెందుకు? డబ్బు నాది కాదు. లెక్క సరిగ్గా ఉంది. అడిగింది ఆమె సొత్తు. అందులో నాకు నొప్పేమిటి? వదినగారి మాట తీసేసి చూస్తే మిగిలింది ఇదీ: నేను మంచిదాన్నని ఆమెకి తెలుసు, తెలిసీ లెక్కపెట్టింది. అంటే నా మంచితనానికి ఒక రాయితీ ఉండాలని నేను ఆశించానన్నమాట. బ్యాంకువాళ్లు కౌంటర్ దగ్గర "తీసుకునేముందు లెక్క చూసుకోండి" అని బోర్డు పెడతారు. మనం లెక్కపెట్టుకుంటే ఏ మేనేజరుకీ మనసు చివుక్కుమనదు. మనకే ఎందుకు చివుక్కుమంటుంది?

నమ్మకం అన్న మాట మనం చాలా ఉదారంగా వాడతాం. రోజ్ జేమ్స్‌ని నమ్మింది అంటాం. ఏం చెయ్యగలదు మరి? ఆమెకి షేర్ల సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో అతనొక్కడే. ఇంకో తలుపు ఉండి, దాన్ని కాదని ఈ తలుపు తట్టితే నమ్మకం. ఉన్నదొక్కటే తలుపయితే దాన్ని ఏమంటారో మీరే చెప్పండి. మా ఇంటికి వచ్చే ఆమెకి ఏడేళ్లు నా బీరువా ఒక్కటే తలుపు. పోస్టాఫీసు ఉందిగా అంటారేమో. ఉంది, మా ఇంటికి నాలుగడుగుల్లో ఉంది. కానీ ఫారం నింపాలి, ఆధార్ చూపాలి, అక్కడ కూర్చున్నవాళ్ల ముందు వేలిముద్ర వెయ్యాలి, "ఏమ్మా, ఎక్కడివీ పైసలు?" అన్న మాట పడాలి. ఆ కౌంటర్ దాకా నడవడం ఆమెకి నా మీద అపనమ్మకం వల్ల వచ్చిన ధైర్యం అని వదినగారి వాదన. ఒప్పుకుందాం, అపనమ్మకమే అనుకుందాం. మంచిదే కదా, ఒక కౌంటర్ దాకా నడిపించింది!

అయితే అవతలి వాదన కూడా వినాలి, మా ఆయన వినిపించారు. "అన్నీ కాగితం మీద పెట్టేస్తే ఇక మనుషులెందుకు? రేపు అర్ధరాత్రి ఆటో కావాలంటే పోస్టుమాస్టరు వస్తాడా?" అన్నారు. ఆ మాటలో సత్యముంది. చట్టం ఆదివారం సెలవు ఇవ్వగలదు, ఆసుపత్రి మంచం పక్కన చాప వెయ్యలేదు. ఈటన్ ప్లేస్‌లో కూడా, ఇల్లు అమ్ముడైపోయాక, రోజ్ ఆ కుటుంబంతోనే మళ్లీ వెళ్తుంది. ఖాళీ గదుల్లో ఒక్కత్తీ తిరుగుతూ పాత గొంతులు వింటుంది. అదంతా బానిసత్వం అని కొట్టిపారేయడానికి నా మనసొప్పదు. ముప్పై ఏళ్లు ఒకరి మంచాలు సర్దితే ప్రేమ పుట్టకుండా ఉంటుందా? పుడుతుంది. పుట్టిన ప్రేమ నిజమే. కానీ ఆ ప్రేమని జీతంలోంచి కోసుకోవడం, లెక్క అడగనివ్వకుండా నోటికి అడ్డం పెట్టడం వేరే సంగతి. మా ఆయన ఆపరేషనప్పుడు ఆమె వేసిన చాపకి నేను జీతం కట్టలేను. అది బాకీగానే ఉంటుంది, ఉండనీ. 38,400 మాత్రం బాకీ కాదు, దాచుకున్న డబ్బు. ఈ రెంటినీ ఒకే కవరులో వేసేస్తేనే చిక్కు.

ఆ వదినగారితో ఇంత వాదించలేదు నేను. ఒక్క మాట మాత్రం అన్నాను. "వదినా, దసరాకి మా ఇంట్లో బూజు దులిపేది ఆమే. నిచ్చెనెక్కి ప్రతి వాసం చేత్తో తుడిచింది. మా ఇంటి వాసాలెన్నో నాకు తెలియదు, ఆమెకి తెలుసు" అని. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. తర్వాత మాటల్లో, వాళ్లింట్లో బట్టలుతికే అమ్మాయి చిట్టీ డబ్బు తన దగ్గరే ఉందనీ, కాగితమేదీ రాయలేదనీ చెప్పారు. ఎంతో అడిగితే, మొత్తం గుర్తుంది లెండి అన్నారు. గుర్తుండే ఉంటుంది, ఆవిడ మంచివారు.

ఆమె పోస్టాఫీసులో ఖాతా తెరిచింది. మొదటిరోజు నేను కూడా వెళ్లాను, ఫారం నింపడానికి మాత్రమే. వేలిముద్ర కాదు, సంతకమే పెడతానని పట్టుబట్టి, మనుమరాలి దగ్గర నాలుగు రోజులు నేర్చుకున్న మూడక్షరాలూ దిద్దింది. ఆ పాస్‌బుక్కు చీర మడతల్లో ఎక్కడ దాచుకుంటుందో నేను అడగలేదు. నెలకోసారి, జీతం వేసిన మర్నాడు, గిన్నెలు బోర్లించాక తీసి నా ముందు పెడుతుంది. మొత్తం ఎంతయిందో పైకి చదవమంటుంది. చదువుతాను. వేలు పెట్టి ఏ అంకె ఏదో అడుగుతుంది. చెబుతాను. నా చేతిలోంచి తీసుకుని, కొంగుకి తుడిచి, పట్టుకుపోతుంది.